కొక్కెర తెగులుకు పసుపు చాలదు: నా పెరటి కోళ్ల అనుభవం

2021 సంక్రాంతి వెళ్లిన వారం రోజులకు మా పెరట్లో 23 కోళ్లకు గాను నాలుగే మిగిలాయి. పోయిన 19 కోళ్లూ పసుపు, వెల్లుల్లి, మిరియాలు మింగుతూనే పోయాయి. ఇంటి వైద్యం మీద నాకున్న నమ్మకం ఆ వారంలో పూర్తిగా పోయింది. తర్వాత రెండేళ్లలో అందులో సగం మళ్లీ తిరిగొచ్చింది. ఏ సగం పోయిందో, ఏ సగం నిలిచిందో చెబితే నాలా కొత్తగా పెరట్లో కోళ్లు పెంచుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లా మధిర దగ్గర ఒక పల్లెటూరు. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి వచ్చేసి ఇక్కడే ఉండిపోయాం. అత్తయ్య దగ్గర అప్పటికే కొన్ని నాటు పెట్టలు, ఒక పుంజు ఉండేవి. వాటి గుడ్లనే పొదగేసుకుంటూ ఏడు నెలల్లో మందను పెంచుకున్నాం. మా పాప ఒక్కోదానికీ పేరు పెట్టింది.

మందు అన్నది తగలకుండా పెంచాలని నా పట్టుదల. మందులు వేసిన కోడి తినడం ఇష్టం లేకనే కదా ఈ తిప్పలన్నీ అనుకునేదాన్ని. పొద్దున్నే నీళ్లలో చిటికెడు పసుపు, వారానికి రెండుసార్లు దంచిన వెల్లుల్లి, నూకల్లో కలిపిన మునగాకు. కోళ్లు నిగనిగలాడుతూ ఉండేవి, గుడ్లు బాగా పెట్టేవి. డిసెంబర్‌లో పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారు టీకాలు వేయడానికి ఊళ్లోకి వస్తే, "మావాటికి అవసరం లేదండీ, మేం పసుపు వేస్తున్నాం" అని పంపించేశాను. ఆ మాట అన్న చోటు, వాకిట్లో ఆ రాయి దగ్గర నిలబడితే నాకు ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది.

పండగ ముందు సంతలో రెండు పెట్టలు కొన్నాం. తెచ్చిన సాయంత్రమే మిగతా వాటితో కలిపి గూట్లో వదిలాం. ఆరో రోజు పొద్దున వాటిలో ఒకటి మూలన నిలబడి కునుకుతోంది. రెట్ట పచ్చగా, నీళ్లలా ఉంది. మెడ చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. పీల్చినప్పుడల్లా గొంతులో గురగుర చప్పుడు. అత్తయ్య దగ్గరికెళ్లి ఒక్కసారి చూసి, "కొక్కెర తగిలిందే అమ్మాయ్" అంది.

వెల్లుల్లి, మిరియాలు, ఉల్లిపాయ, పసుపు కలిపి నూరి, కందిగింజంత ఉండలు చేసి రోజుకు మూడు పూటలా ఒక్కో కోడి నోట్లో వేశాను. ఆ రాత్రే రెండు పోయాయి. మర్నాడు నాలుగు. పాప 'బంగారి' అని పిలుచుకునే పెట్టకు రెండో రోజు మెడ తిరిగిపోయింది. తల వెనక్కి వాలి వీపుకు ఆనుకునేది. ముందు జొన్నలు పోస్తే చూసేది, ఆకలిగానే ఉండేది, ముక్కు దించేది. ఆ ముక్కు గింజ మీద కాకుండా జానెడు పక్కన నేల మీద పడేది. మళ్లీ ఎత్తి మళ్లీ పొడిచేది. అలా ఎన్నిసార్లో. చివరికి నేనే అన్నం మెతుకులు ఒక్కొక్కటీ నోట్లో పెట్టాను. రెండు రోజులు బతికింది.

నాలుగో రోజున డాక్టరు గారిని తీసుకొచ్చాం. టీకా వద్దన్నానని ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇది వైరస్ అమ్మా. వచ్చాక దీనికి మందు నా దగ్గరా లేదు, ఎవరి దగ్గరా లేదు. టీకా కూడా రాకముందు వేస్తేనే" అన్నారు. మనం కొక్కెర తెగులు అనేదాన్నే పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి అంటారట. 1920ల చివర్లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో గుర్తించారు కాబట్టి ఆ పేరు. అంతకు కాస్త ముందే ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో బయటపడింది కాబట్టి మిగతా ప్రపంచానికి అది న్యూకాసిల్ వ్యాధి. దాదాపు వందేళ్లుగా తెలిసిన జబ్బు. దాన్ని నేను వంటింటి పోపుల డబ్బాతో ఆపాలని చూశాను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి, ఇది నా కోళ్లతో పోయింది కాదు. మొదట చచ్చిన రెండింటినీ సంచిలో కట్టి ఊరి చివర చెత్తకుప్ప మీద పారేయించాం. కుక్కలు లాక్కొచ్చాయి. పది రోజుల్లో మా వీధిలో ఇంకో మూడు ఇళ్లలో కోళ్లు పోయాయి. మా కోళ్ల వల్లే అని ఎవరూ అనలేదు కానీ నేనైతే అదే అనుకుంటాను. అందులో ఒకావిడకు ఆ కోళ్లు తప్ప చేతిలో డబ్బు ఆడే దారి ఇంకోటి లేదు. జబ్బుతో చచ్చిన కోడిని మూడడుగుల గుంట తీసి, పైన సున్నం చల్లి పూడ్చాలి. కాలవలో వేయొద్దు, కుప్ప మీద వేయొద్దు. కునుకుతున్న కోడిని "పోయేలోపు కోసుకుందాం" అని కోయడం కూడా వద్దు. ఆ ఈకలూ పేగులూ కడిగిన నీళ్లూ వీధంతా తెగులును మోసుకెళ్తాయి.

బతికిన నాలుగింటినీ పశువుల కొట్టంలో వేరుగా ఉంచాం. గూడు ఖాళీ చేసి నేలంతా చెక్కి, ఆ చెత్త తగలబెట్టి, గోడలకు రెండుసార్లు సున్నం వేసి, తలుపులు తీసి నెలన్నర ఎండకు వదిలేశాం. రోజూ సాయంత్రం పాప వెళ్లి ఆ ఖాళీ గూట్లోకి తొంగిచూసి వచ్చేది.

మార్చిలో మళ్లీ మొదలుపెట్టాం. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన వనరాజా పిల్లలు పాతిక తెచ్చాం. ఈ రకం పొదుగుకు కూర్చోదు, కాబట్టి పొదగడానికి మా నాటు పెట్టలు ఎలాగూ కావాలి. డాక్టరు గారు ఒక కాగితం రాసిచ్చారు. అది ఐదేళ్లుగా మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. మారెక్స్ అనే వైరస్ జబ్బుకు టీకా మొదటి రోజే హేచరీలో వేసి ఇస్తారు. ఏడో రోజు లాసోటా, అంటే కొక్కెరకు మొదటి టీకా, కంట్లో చుక్క. పద్నాలుగో రోజు గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బుకు టీకా. నాలుగో వారం మళ్లీ లాసోటా. ఆరేడు వారాలకు మశూచి టీకా, రెక్క పొరలో సూదితో. ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్‌టూబీ, ఇదీ కొక్కెర టీకానే, చర్మం కింద అర మిల్లీలీటరు. ఆర్‌టూబీ ఘాటైన టీకా. లాసోటా పడకుండా, వయసు నిండని పిల్లలకు నేరుగా వేస్తే కాళ్లు పడిపోతాయి. "ఒకటే రోగానికి మూడుసార్లు ఎందుకు, చివరిదొక్కటే వేయిద్దాం" అని ఎవరైనా అంటే వినొద్దు. ఆర్‌టూబీ వేయడానికి వారం ముందు నులిపురుగుల మందు తాగించాలి. ఇక్కడ నేను గుమ్మడి గింజలు, బొప్పాయి గింజల జోలికి పోలేదు, డాక్టరు గారిచ్చిన మందే వాడాను.

కంట్లో చుక్క వేయడం నేనే నేర్చుకున్నాను. పిల్లను అరచేతిలో పట్టుకుని, తల పక్కకు తిప్పి, ఒక్క చుక్క వేసి, అది కన్ను ఆర్పేదాకా ఆగాలి. ఆర్పితే లోపలికి వెళ్లినట్టు. తొందరపడి వదిలేస్తే తల విదిలించి చుక్కను పారేస్తుంది. చేతిలో ఆ గుండె టకటకా కొట్టుకుంటుంటే మొదటిసారి నాకే చేతులు వణికాయి.

మా అందరికీ అసలు అడ్డు ఏమిటంటే ఆర్‌టూబీ మాకు దొరికేది 100 డోసుల సీసా. కలిపాక గంట, గంటన్నరలో అయిపోవాలి, ఫ్రిజ్‌లో దాచి రేపు వాడదామంటే కుదరదు. ఇంట్లో పాతిక కోళ్లున్నవాళ్లు సీసా ఎందుకు తెరుస్తారు? అందుకే పల్లెల్లో టీకా అంటే జరిగే పని కాదని వదిలేస్తారు. నేను ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకున్నాను. మొదటిసారి 14 ఇళ్లు, 92 కోళ్లు. కోడి ఒకటే ఉన్న ఇల్లు కూడా రాశాను. థర్మాస్ ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి సీసా తెచ్చాం. సాయంత్రం కోళ్లు గూటికి చేరాక, చీకటి పడ్డాక మొదలుపెడితే పరిగెత్తి పట్టుకోవలసిన పని ఉండదు, వాటికి బెదురూ ఉండదు. కాంపౌండరు గారు సూది వేస్తుంటే నేను రెక్క ఎత్తి పట్టుకున్నాను. ఆరు నెలలకోసారి అలా చేస్తున్నాం. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో కొక్కెర వచ్చి వెళ్లింది కానీ మా వీధికి రాలేదు.

ఇక నిలిచిన సగం సంగతి.

పేలు. కోడి పొదుగు మధ్యలో వదిలేసి లేచిపోతోందంటే, గుడ్లు తగ్గాయంటే, జుట్టు పాలిపోయిందంటే ముందు చూడవలసింది వీటినే. 2022 ఎండాకాలంలో పన్నెండు గుడ్ల మీద కూర్చున్న మా పెట్ట పదో రోజున లేచిపోయింది. తిట్టి మళ్లీ కూర్చోబెట్టాను. మళ్లీ లేచింది. "దాన్ని తిట్టకు, రాత్రిపూట వెళ్లి చూడు" అంది అత్తయ్య. తొమ్మిదింటికి టార్చి పట్టుకుని వెళ్లి, కోళ్లు కూర్చునే వెదురు బొంగు అడుగున తెల్లగుడ్డతో తుడిచాను. గుడ్డంతా ఎర్రటి చుక్కలు. పగలంతా ఆ వెదురు చీలికల్లో దాక్కుని, రాత్రి బయటికొచ్చి రక్తం తాగి, మళ్లీ లోపలికి వెళ్లిపోయే ఎర్ర పేలు అవి. పగలు కోడి ఒంటిని ఎంత వెతికినా కనిపించవు. నేను రెండు నెలలు వెతికింది పగలే.

దీనికి అత్తయ్య చెప్పిందే చేశాం. చీలిన బొంగులు తీసేసి నున్నటి కర్రలు పెట్టాం. గూటి సందుల్లో మరిగే నీళ్లు పోశాం. లీటరు నీళ్లకు చెంచాడు వేపనూనె, కాస్త సబ్బు నురగ కలిపి కర్రలకూ మూలలకూ కొట్టాం. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవక పైనే తేలుతుంది. వారానికి మళ్లీ అదే, ఆ పై వారం ఇంకోసారి. మొదటిసారి చచ్చేవి పెద్దవే, గుడ్లు మిగులుతాయి, అవి వారంలో పిల్లలవుతాయి. ఒక్కసారి కొట్టి పని చేయలేదనేవాళ్లంతా ఇక్కడే ఆగిపోతున్నారు. గూటికి ఏడాదికి రెండుసార్లు సున్నం. కొందరు సీతాఫలం గింజల పొడి కూడా వాడతారు. అది కంట్లో పడితే మనిషికైనా కోడికైనా చూపుకే ప్రమాదం, పిల్లలున్న ఇల్లు కాబట్టి నేను దాన్ని ముట్టలేదు.

కోడి ఒంటికైతే బూడిద స్నానం. పగిలిన సిమెంటు తొట్టిలో జల్లించిన కట్టెల బూడిద, పొడి మట్టి, ఎండబెట్టి నలిపిన వేపాకు సమంగా కలిపి చూరు కింద పెట్టాను. నేను నేర్పించిందేమీ లేదు. మొదట ఒక పెట్ట వచ్చి ముక్కుతో గెలికి చూసింది, కాళ్లతో గుంట చేసుకుంది, పక్కకు పడుకుని ఈకలన్నీ నిక్కబొడుచుకుని, రెక్కతో బూడిదను ఎగదోసి ఒంటి మీద పోసుకుంది. కళ్లు అరమోడ్చి పావుగంట అలాగే. లేచి దులిపితే పొగలేచినట్టు లేచింది. దాని వెనక నాలుగు కోళ్లు వంతు కోసం నిలబడ్డాయి. బూడిద తడవకుండా చూసుకోవడమే మన పని.

పొదుగు గంపలో అడుగున ఎండుగడ్డితో పాటు వేపరెమ్మలు వేస్తాం. అత్తయ్య ఉరుములకు గుడ్లు మురగకుండా ఒక ఇనుప మేకు, బొగ్గు ముక్క, ఎండుమిరపకాయ కూడా పెడుతుంది. ఆమె చేతులతో పెట్టినవి నేనెప్పుడూ తీయలేదు.

వానాకాలంలో రక్త పారుడు మా గూటికీ వచ్చింది. ఐదు వారాల పిల్లలు, జూలై ముసురు. రెట్టలో ఎర్రటి జీర చూసిన గంటలోనే ఆసుపత్రికి వెళ్లాను, ఈసారి రోట్లో ఏమీ నూరలేదు. ఐదు రోజులు నీళ్లలో మందు కలిపి తాగిస్తే రెండే పోయాయి. తప్పు ఊక పరుపుది. నీళ్ల డబ్బా చుట్టూ తడిసి ముద్దయింది. ఆ రోగం తెచ్చే క్రిమి గుడ్లు రెట్టతో బయటపడ్డాక తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. పొడిగా ఉంటే వాటికి ఆ బలం రాదు. ఇప్పుడు రోజూ పొద్దున ఊకను తిరగేస్తాను. గుప్పెడు తీసి పిండి వదిలితే పొడిపొడిగా రాలాలి. ఉండ కట్టి నిలిచిందంటే మార్చాల్సిందే. నీళ్ల డబ్బాను కోడి వీపు ఎత్తుకు ఇటుకల మీద పెడితే నీళ్లు ఒలకవు, రెట్ట పడదు. నాకు తెలిసిన సహజ వైద్యంలో దీన్ని మించింది లేదు, దీనికి ఖర్చు రెండిటుకలు.

మశూచి టీకా రోజున చింతచెట్టెక్కి దొరకని మూడు పడుచు పెట్టలకు ఆ ఏడే అది సోకింది. జుట్టు మీద, కళ్ల చుట్టూ బొబ్బలు. మా ఊళ్లో "అమ్మవారు పోసింది" అంటారు. ఇదీ వైరస్సే, దీనికీ లోపలికి మందు లేదు. కానీ చర్మం వరకే ఉంటే మూడు నాలుగు వారాల్లో దానంతట అది తగ్గుతుంది. ఆ లోపల పుండు చీము పట్టకుండా, ఈగ వాలకుండా, కోడి ఆకలికి చావకుండా కాపాడుకోవాలి. ఇక్కడ పసుపు నిజంగా పని చేసింది. లేత వేపాకు, పసుపు నూరి నువ్వులనూనెలో కలిపి రోజుకు రెండుసార్లు వేలితో అద్దాను. పక్కులు గిల్లలేదు. గిల్లితే రక్తం కారుతుంది, రోగం పాకుతుంది. ఒకదానికి రెండు కళ్లూ మూసుకుపోతే, గోరువెచ్చని ఉప్పునీళ్లలో దూది ముంచి కళ్లు తుడిచి, రాగి సంకటి చిన్న ఉండలు చేసి పన్నెండు రోజులు నోటికి పెట్టాను. పదమూడో రోజు ఒక కన్ను తెరిచింది. తెరిచి మొదట చేసిన పని నా చేతి గాజును పొడవడం. దోమలు దీన్ని ఒక కోడి నుంచి ఇంకోదానికి చేరుస్తాయి కాబట్టి సాయంత్రాలు గూటి బయట వేపాకు పొగ వేశాం, నీళ్లు నిలిచే గుంటలు పూడ్చాం.

పసుపు నీళ్లు, వెల్లుల్లి ఇప్పటికీ ఇస్తాను, వంటింట్లో తిండిలో వేసుకున్నట్టే. వాటిని టీకా పక్కన పెట్టి లెక్కించను. కోడిపిల్లలకు బలం మాత్రం చెదల వల్ల వస్తుంది. పాత కుండలో తడి పేడ, చిరిగిన గోనె, గడ్డి కుక్కి సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే పొద్దుటికి నిండా చెదలు. కుండ ఎత్తి కుమ్మరించగానే పిల్లల కోడి పిలిచే పిలుపే వేరు. గుడ్డు పెంకు పల్చబడితే ఆల్చిప్పల పొడి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మాత్రం ఉచితంగా ఇచ్చినా వేయొద్దు. ఆ బూజులో ఉండే విషం లివర్‌ను తినేస్తుంది. మే నెల ఎండలకు మధ్యాహ్నం మేత మానేసి, పలుచని మజ్జిగ, చుట్టూ తడి గోనెలు.

సంతలో కొన్న కోడి ఇప్పుడు 21 రోజులు పశువుల కొట్టంలో ఉండాల్సిందే. ముందు పాతవాటికి మేత వేసి, తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్తాను. కొట్టానికి చెప్పులు వేరే. సంక్రాంతికి ఊరూరి నుంచి కోళ్లు తిరిగే రోజులు, ఆ నెలలో అసలు కొననే కొనను.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అని తెలిసినప్పుడు, ఏ కషాయం పోయాలని చుట్టాలు ఫోన్ చేశారు. ఏదీ వద్దన్నాను. ఒక్కసారిగా కోళ్లు పోతుంటే ఉత్త చేతులతో ముట్టుకోకండి, అమ్మకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి అన్నాను.

మొన్న డిసెంబర్‌లో టీకా వేసిన సాయంత్రం, పని అయిపోయి సీసా మూత పెట్టబోతుంటే, ఆ రోజుల్లో కోళ్లన్నీ పోగొట్టుకున్నావిడ వచ్చింది. కొంగు కప్పి చంకలో ఒక నల్ల పెట్ట. "చెట్టు మీదుందమ్మా, ఇప్పుడు దొరికింది. మిగిలిందా?" అంది. కాంపౌండరు గారు సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. అడుగున కొంచెం ఉంది. నేను రెక్క ఎత్తి పట్టుకున్నాను. పాప నోటుబుక్కులో 96 కొట్టేసి 97 రాసింది.